పొగ కక్కే బండికి సుంకం - సైకిలు తొక్కేవారికి ఊపిరి

తొమ్మిదో తరగతిలో వాయు కాలుష్యం పాఠం చెబుతున్నాను. కొన్ని మహానగరాలలో పొగ ఎక్కువగా వదిలే పాత బండ్లను రోడ్డెక్కనివ్వడం లేదని, ఎక్కితే రోజుకు ఇంత అని సుంకం కట్టిస్తున్నారని చెప్పాను. వెనక బల్ల నుంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, మా నాన్నది పాత డీజిలు ఆటో. రేపు మన ఊళ్ళో కూడా అట్లా ఆపేస్తే మా ఇల్లు ఎట్లా గడుస్తుంది?"

తరగతిలో కొందరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే ముందు వరుసలోని ఒక అమ్మాయి లేచింది.

"మాస్టారూ, నేను రోజూ నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ బడికి వస్తాను. ముందు పోయే ఆటోల పొగంతా నా ముఖానికే కొడుతుంది. మరి నేనేం చెయ్యాలి?"

విద్యార్థులారా! రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ఒకటి కడుపుకు సంబంధించినది, రెండోది ఊపిరికి సంబంధించినది. సరిగ్గా ఈ రెండు ప్రశ్నల మధ్యనే లండన్ నగరం 20 ఏళ్ళకు పైగా నలుగుతూ వచ్చింది. ఆ నగరం కథ తెలుసుకుంటే మన ప్రశ్నలకు జవాబు కొంతైనా దొరుకుతుంది.

ఇంజనులో ఏం జరుగుతుంది?

మొదట పొగ సంగతి చూద్దాం. మనం పీల్చే గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజని ఉంటుంది. ఇది చాలా మెతక వాయువు. మామూలుగా దేనితోనూ కలవదు. కాని ఇంజను సిలిండరులో ఇంధనం మండేటప్పుడు ఉష్ణోగ్రత వేల డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో నత్రజని, ఆమ్లజని కలిసి నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. అది గొట్టం గుండా బయటికి వచ్చి గాలిలోని ఓజోన్‌తో కలిసినప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఇది ఊపిరి గొట్టాల లోపలి పొరను మండిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి దీనివల్ల బాధ ఎక్కువవుతుంది.

రెండో శత్రువు మసి. ఇంధనం పూర్తిగా మండకపోతే కర్బనపు రేణువులు మిగులుతాయి. వీటిలో 2.5 మైక్రోమీటర్ల కంటే సన్ననివాటిని పి.ఎం. 2.5 అంటారు. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రోమీటర్లు. అంటే ఒక వెంట్రుక అడ్డంగా ఈ రేణువులను 20కి పైగా వరసగా పేర్చవచ్చునన్నమాట! ముక్కులోని వెంట్రుకలు, చీమిడి పెద్ద ధూళిని ఆపగలవు గాని వీటిని ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. మరీ సన్ననివి రక్తంలోకి కూడా చేరతాయి.

పెట్రోలు కారు గొట్టంలో ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాలు పూసిన ఉత్ప్రేరకపు పెట్టె ఉంటుంది. అది విషవాయువులను చాలావరకు తిరిగి నత్రజనిగా, బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. డీజిలు ఇంజనులో కావలసినదాని కంటే ఎక్కువ గాలి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పెట్టె నత్రజని ఆక్సైడులను విడగొట్టలేదు. డీజిలు బండికి మసిని పట్టే జల్లెడ వేరే కావాలి. యూరియా ద్రవం చిమ్మి నత్రజని ఆక్సైడులను విడగొట్టే ఏర్పాటూ వేరే కావాలి. పాత డీజిలు బండ్లలో ఇవి లేవు. గొడవంతా ఇక్కడే ఉంది.

లండన్ కథ

లండన్‌కు పొగతో పాత పగ ఉంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు బొగ్గు పొగ, మంచు కలిసి నగరాన్ని కప్పేశాయి. సుమారు 4,000 మంది చనిపోయారని అప్పటి లెక్క. ఆ సంఖ్య 12,000 దాకా ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు తేల్చారు. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం ఒక చట్టం వచ్చింది. పొయ్యిలలో బొగ్గు తగ్గింది, పొగమంచు తగ్గింది. కాని ఆ పైన కార్లు పెరిగాయి. నల్లని పొగ పోయి, కంటికి కనిపించని పొగ వచ్చింది.

2003 ఫిబ్రవరి 17న నగరం నడిబొడ్డులోకి వచ్చే కార్లకు రోజుకు 5 పౌండ్ల రద్దీ సుంకం పెట్టారు. అది రద్దీ తగ్గించడానికి పెట్టినది. 2008లో పొగ ఎక్కువగా వదిలే పెద్ద లారీల మీద ఆంక్షలు వచ్చాయి. 2019 ఏప్రిల్ 8న అసలు కథ మొదలైంది. నగర కేంద్రంలో 21 చదరపు కిలోమీటర్ల మేర "అత్యల్ప ఉద్గార మండలం" ఏర్పడింది. అక్కడి జనం దీన్ని 'యూలెజ్' అని పిలుస్తారు. నిర్ణయించిన ప్రమాణానికి సరిపోని కారు, వ్యాను, మోటారు సైకిలు ఆ మండలంలో తిరిగితే రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. అడ్డంగా గేట్లు, చీటీలు చించే మనుషులు ఉండరు. కెమెరాలు నంబరు పలకను చదివి, అది ఏ ప్రమాణానికి తయారైన బండో పట్టికలో చూసుకుంటాయి. 2021 అక్టోబరు 25న ఈ మండలాన్ని 18 రెట్లు పెంచారు. 2023 ఆగస్టు 29న మొత్తం లండన్‌కు విస్తరించారు.

ఈ విస్తరణల వెనుక ఒక చిన్నపిల్ల కథ కూడా ఉంది. ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే బాలిక లండన్‌లో వాహనాలు కిటకిటలాడే సౌత్ సర్క్యులర్ రోడ్డుకు దగ్గరలో ఉండేది. తీవ్రమైన ఉబ్బసంతో మూడేళ్ళలో 30కి దగ్గరగా ఆసుపత్రి పాలై, 2013 ఫిబ్రవరిలో తన 9వ ఏట చనిపోయింది. ఆమె తల్లి రోజమండ్ ఉపాధ్యాయినిగా పనిచేశారు. బిడ్డ మరణానికి కారణం తేల్చాలని ఆమె ఏళ్ళ తరబడి పోరాడారు. 2020 డిసెంబరులో విచారణాధికారి ఆ మరణానికి వాయు కాలుష్యం కూడా కారణమని తీర్పు చెప్పారు. బ్రిటన్‌లో ఒకరి మరణ కారణాలలో వాయు కాలుష్యం అని రాయడం అదే మొదలు.

పెట్రోలుకు ఒక నియమం, డీజిలుకు ఒక నియమమా?

యూలెజ్‌లో పెట్రోలు కారు యూరో 4 ప్రమాణానిదైతే చాలు, సుంకం లేదు. అంటే సుమారు 2005 తరువాత తయారైన బండ్లన్నమాట. డీజిలు కారు మాత్రం యూరో 6 ప్రమాణానిది కావాలి. అంటే సుమారు 2015 తరువాతది కావాలి. పదేళ్ళ తేడా! "ఇది డీజిలు మీద పగ" అని చాలామంది అన్నారు.

కాని అంకెలు చూడండి. యూరో 4 పెట్రోలు కారు కిలోమీటరుకు 0.08 గ్రాముల కంటే ఎక్కువ నత్రజని ఆక్సైడులు వదలరాదు. అదే యూరో 4 డీజిలు కారుకు 0.25 గ్రాముల దాకా అనుమతి ఉండేది. యూరో 5లో అది 0.18కి తగ్గింది. యూరో 6లో 0.08కి వచ్చింది. చూశారా! నియమాలు రెండుగా కనిపిస్తున్నా వాటి వెనుక కొలత ఒక్కటే. బండి వయసును కాదు, అది వదిలే వాయువును తూచారన్నమాట.

బండి నడిపేవారి కష్టం

కొలత న్యాయమైనదే అయినా, దాని బరువు అందరి మీదా ఒకే రీతిగా పడదు. డబ్బున్నవాడు పాత కారు అమ్మి కొత్తది కొనుక్కుంటాడు. పాత వ్యానులో పనిముట్లు వేసుకుని ఇంటింటికీ పోయి కుళాయిలు బాగుచేసే మనిషి ఏం చేస్తాడు? 12.50 పౌండ్ల చొప్పున నెలకు 20 రోజులు తిరిగితే 250 పౌండ్లు అవుతుంది.

ఇంకో చిక్కు చూడండి. ఈ సుంకం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా లెక్క. రాత్రి డ్యూటీకి పది గంటలకు వెళ్ళి, తెల్లవారి ఆరు గంటలకు తిరిగి వచ్చే నర్సు ఒక్క డ్యూటీకి రెండు రోజుల సుంకం కట్టవలసి వస్తుంది. నగరం మధ్యలో భూగర్భ రైళ్ళు, బస్సులు మెండుగా ఉంటాయి. పొలిమేరలకు పోయిన కొద్దీ అవి పలచబడతాయి. అందుకే 2023 విస్తరణ మీద పెద్ద గొడవ జరిగింది. కొన్ని కౌన్సిళ్ళు హైకోర్టుకు వెళ్ళాయి. జులైలో కోర్టు విస్తరణ చట్టబద్ధమేనని తీర్పు చెప్పింది. కొందరు కోపంతో కెమెరాల తీగలు కత్తిరించారు.

నగర పాలకులు పాత బండిని తుక్కు కింద ఇచ్చేవారికి సొమ్ము ఇచ్చే పథకం పెట్టారు. కారుకు 2,000 పౌండ్ల దాకా ఇచ్చారు. మొదట ఈ సాయం తక్కువ ఆదాయం గలవారికి, వికలాంగులకు, చిన్న వ్యాపారులకు మాత్రమే. విమర్శలు రాగా 2023 ఆగస్టులో లండన్ వాసులందరికీ వర్తింపజేశారు. ఇందులో మనం గమనించవలసినది ఒకటి ఉంది. ఆ సాయం మొదటి నుంచే అందరికీ అంది ఉంటే గొడవ కొంత తగ్గి ఉండేది. గాలిని శుభ్రం చేసే పనిలో రసాయన శాస్త్రం ఎంత ముఖ్యమో, మనుషుల ఖర్చుల లెక్క కూడా అంత ముఖ్యం.

సైకిలు తొక్కేవారి లెక్క

ఇప్పుడు మన అమ్మాయి ప్రశ్నకు వద్దాం. కారు అద్దాలు మూసుకున్నవారికి పొగ తగలదని మనం అనుకుంటాం. నిజానికి కారు లోపలికి వచ్చే గాలి ముందున్న బండి గొట్టం దగ్గరి నుంచే వస్తుంది. అందువల్ల రద్దీలో కారు లోపలి గాలి బయటి గాలి కంటే మురికిగా ఉండడం కద్దు. సైకిలు మనిషి రోడ్డు అంచున పోతాడు కాబట్టి అతని చుట్టూ ఉన్న గాలి కొంత మేలు. కాని అతడు ఊరికే కూర్చుని లేడు! కాళ్ళు పనిచేస్తున్నాయి, గుండె కొట్టుకుంటోంది, రొమ్ము ఎగసిపడుతోంది. సైకిలు తొక్కేవారు కారులో కూర్చున్నవారి కంటే 4.3 రెట్లు ఎక్కువ గాలి పీలుస్తారని బెల్జియం పరిశోధకులు 2010లో ప్రకటించారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు ఊహించుకున్నవే అనుకోండి. కారులో గాలి ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాముల నైట్రోజన్ డయాక్సైడ్, సైకిలు దారిలో 60 మైక్రోగ్రాములు. కారులోని మనిషి నిమిషానికి 10 లీటర్లు పీలుస్తాడు, సైకిలు తొక్కేవాడు 40 లీటర్లు. ఇద్దరూ అరగంట ప్రయాణం చేశారు.

కారులోని మనిషి పీల్చిన గాలి 300 లీటర్లు, అంటే 0.3 ఘనపు మీటరు. అతని వంతు 24 మైక్రోగ్రాములు. సైకిలు మనిషి పీల్చినది 1.2 ఘనపు మీటర్లు. అతని వంతు 72 మైక్రోగ్రాములు. మేలైన గాలిలో ఉండి కూడా మూడు రెట్లు!

ఇప్పుడు పొగ బండ్ల ఆంక్ష వల్ల రెండు చోట్లా కాలుష్యం నాలుగో వంతు తగ్గిందనుకోండి. కారు మనిషికి 6 మైక్రోగ్రాములు తగ్గుతాయి. సైకిలు మనిషికి 18 తగ్గుతాయి. బండి నడిపేవాడికీ లాభమే, కాని సైకిలు తొక్కేవాడికి అంతకు మూడు రెట్లు లాభం. చిత్రమేమిటంటే సుంకం కట్టేది ఒకరు, ఎక్కువ మేలు పొందేది మరొకరు. అయితే ఇన్నాళ్ళూ జరిగింది దీనికి తలకిందులే కదా! పొగ వదిలింది ఒకరు, ఎక్కువగా పీల్చింది మరొకరు.

మరి సైకిలు మానెయ్యాలా? అక్కరలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఈ లెక్క కట్టారు. పి.ఎం. 2.5 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు ఉన్న మురికి నగరంలో కూడా, రోజుకు గంటన్నర దాటి తొక్కితే తప్ప వ్యాయామం వల్ల కలిగే మేలును కాలుష్యం వల్ల కలిగే కీడు మించదని తేల్చారు.

ఇంతకూ ఫలించిందా?

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. "మండలం పెట్టారు, గాలి బాగుపడింది, కాబట్టి మండలమే కారణం" అనడం శాస్త్ర పద్ధతి కాదు. ఆ రోజుల్లో గాలి బాగా వీచి ఉండవచ్చు, వాన పడి ఉండవచ్చు. పాత బండ్లు వాటంతటవే మూలపడి ఉండవచ్చు.

ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2021లో ఒక వ్యాసం ప్రచురించారు. వాతావరణ ప్రభావాన్ని తీసివేసి చూస్తే, 2019 ఏప్రిల్‌లో మండలం మొదలైన తొలి వారాలలో నైట్రోజన్ డయాక్సైడ్ తగ్గింది 3 శాతం కంటే తక్కువేనని చెప్పారు. మరి నగర పాలకుల లెక్క వేరుగా ఉంది. మండలం అసలే లేకపోతే ఎంత ఉండేదో అంచనా కట్టి, దానితో పోలిస్తే 2024లో లండన్ రోడ్ల పక్కన ఆ వాయువు 27 శాతం తక్కువగా ఉందని 2025 నివేదికలో ప్రకటించారు.

ఎవరు అబద్ధమాడుతున్నారు? ఎవరూ కాదు! ఇద్దరూ అడిగిన ప్రశ్నలు వేరు. మొదటివారు ప్రారంభానికి అటూ ఇటూ ఉన్న కొద్ది వారాలు చూశారు. కాని జనం ఆ తేదీ దాకా ఆగలేదు. సుంకం వస్తోందని తెలియగానే ముందే బండ్లు మార్చుకున్నారు. రెండోవారు ఏళ్ళ తరబడి జరిగిన మార్పునంతా కలిపి లెక్కించారు. 2017లో నగరంలో తిరిగే ప్రతి 100 బండ్లలో 39 మాత్రమే ప్రమాణానికి సరిపోయేవి. 2024 నాటికి అవి సుమారు 97 అయ్యాయి.

సైకిళ్ళ మాటా ఇంతే. లండన్‌లో సైకిళ్ళు పెరిగాయన్నది నిజం. కాని అందులో సైకిళ్ళ కోసం వేరు చేసిన దారుల పాత్ర పెద్దది. పొగ తక్కువైన కారు కూడా గుద్దితే దెబ్బ తగులుతుంది కదా! యూలెజ్ గాలిని మారుస్తుంది గాని రోడ్డు మీద భయాన్ని పోగొట్టదు. టైర్లు, బ్రేకులు అరిగి లేచే ధూళి కూడా దానితో ఆగదు. విద్యుత్ కారుకు కూడా టైర్లున్నాయి.

మీ వయసు కంటే చిన్నవారి మీద జరిగిన ఒక పరిశీలన చెప్పి ఈ భాగం ముగిస్తాను. లండన్‌లోను, ఆంక్షలు లేని ల్యూటన్ పట్టణంలోను దాదాపు 2,000 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలను గమనించి 2024లో ఫలితాలు ప్రకటించారు. అంతకు ముందు కారులో బడికి వచ్చే పిల్లలలో, మండలం వచ్చిన తరువాత లండన్‌లో 100కు 42 మంది నడకకో, సైకిలుకో, బస్సు రైళ్ళకో మారారు. ల్యూటన్‌లో అట్లా మారినవారు 20 మందే. ఆంక్ష లేని ఊరిని పక్కన పెట్టి పోల్చడమే ఈ పరిశీలనలోని గొప్ప. మీ ప్రయోగశాలలో 'పోలిక గొట్టం' ఉంచుతారే, అట్లాగన్నమాట!

మన దేశంలో

1998 జులైలో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులను సహజ వాయువుకు మార్చాలని ఆజ్ఞాపించింది. గడువులు మారుతూ వచ్చి 2002 చివరికి అది పూర్తయింది. 2016 జనవరి 1 నుంచి 15 వరకు ఢిల్లీలో సరి-బేసి పద్ధతి నడిచింది. నంబరు చివర బేసి అంకె ఉన్న కార్లు బేసి తేదీలలో, సరి అంకె ఉన్నవి సరి తేదీలలో తిరగాలి. స్కూటర్లు, మోటారు సైకిళ్ళను మినహాయించారు. వాటిని కూడా ఆపితే అంతమందిని మోయడానికి బస్సులు చాలవు మరి!

సరి-బేసి పద్ధతిలో ఒక లోపం మీకు తోచిందా? అది నంబరును చూస్తుంది గాని పొగను చూడదు. నిన్న కొన్న శుభ్రమైన కారూ, 15 ఏళ్ళ పాత కారూ దానికి ఒక్కటే. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10 ఏళ్ళు దాటిన డీజిలు బండ్లను ఢిల్లీలో తిరగనివ్వవద్దన్నది. అది వయసును చూసింది. ఆ తరువాత దాని మీద కోర్టులలో వాదాలు సాగుతూ వచ్చాయి. లండన్ పద్ధతి ప్రమాణాన్ని చూస్తుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బండ్లన్నీ భారత్ స్టేజ్ 6 ప్రమాణానివే. ఇంధనంలో గంధకం కూడా పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది. అంటే రేపు మన నగరాలలో ఏ నియమం వచ్చినా, పొగను బట్టి బండ్లను వేరు చేయడానికి కొలత ఇప్పటికే ఉందన్నమాట.

మీరే చేసి చూడండి

మూడు తెల్లని అట్టముక్కల మీద వాజిలైన్ పలుచగా రాయండి. ఒకటి మెయిన్ రోడ్డు పక్కన, ఒకటి సందులో, ఒకటి బడి పెరట్లో ఒకే ఎత్తున కట్టండి. రెండు రోజుల తరువాత భూతద్దంతో చూసి ఒక చదరపు సెంటీమీటరులో నల్లని చుక్కలు లెక్కపెట్టండి. ఇందులో కనిపించేది పెద్ద ధూళి మాత్రమేనని, వాయువులు, పి.ఎం. 2.5 కనిపించవని మరిచిపోకండి.

తరువాత కూర్చుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తారో లెక్కపెట్టండి. పది నిమిషాలు సైకిలు తొక్కి వచ్చి మళ్ళీ లెక్కపెట్టండి. ఊపిరుల సంఖ్యే కాదు, ఒక్కొక్క ఊపిరి లోతు కూడా పెరిగిందని మీకే తెలుస్తుంది.

చివరి మాట

మా తరగతి కుర్రవాడికి నేను చెప్పిన జవాబు ఇది: "మీ నాన్న శత్రువు కాడు నాయనా. రోజంతా ఆ రోడ్డు మీదే ఉండే మీ నాన్న కూడా ఆ పొగ పీలుస్తున్నాడు. నియమం రావాలి. వచ్చే ముందు గడువు ఇవ్వాలి, బండి మార్చుకోవడానికి చేయూత ఇవ్వాలి. అవి లేకుండా నియమం ఒక్కటే వస్తే నీ ప్రశ్న అట్లాగే మిగిలిపోతుంది."

వారం రోజుల తరువాత వాడు వచ్చి, "మాస్టారూ, మా నాన్న మెకానిక్కు దగ్గర గాలి జల్లెడ మార్పించాడు. నల్లపొగ బాగా తగ్గింది" అన్నాడు. గాలి చాలక మండని ఇంధనమే నల్లపొగ అని వాడు పాఠంలో విని ఇంట్లో చెప్పాడట. నేను సంతోషించాను. వెంటనే సైకిలు అమ్మాయి లేచి, "మరి కనిపించని పొగ మాటేమిటి మాస్టారూ?" అన్నది. నత్రజని ఆక్సైడులు ఆ జల్లెడతో పోవు. ఆమె పాఠం ఇంకా బాగా విన్నదన్నమాట.